కాలేజీ కబడ్డీ ఆటగాళ్లను ప్రో లీగ్ వేలం దృష్టితో వరుసలో పెట్టడం ఎలా

కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల జట్లు అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలకు వచ్చినప్పుడల్లా కోర్టు చుట్టూ నిలబడ్డవాళ్ల మధ్య ఒక చర్చ తప్పకుండా నడుస్తుంది. ఈ పిల్లల్లో ప్రో కబడ్డీ లీగ్ దాకా పోగలిగేవాడు ఎవడు, వాడి తర్వాత ఎవడు అన్నదే ఆ చర్చ. ఎక్కువ పాయింట్లు తెచ్చిన రైడర్ (కూతకు వెళ్లేవాడు) పేరు మొదట వినిపిస్తుంది. అతని కాలేజీ వాళ్ల గొంతు పెద్దదైతే మరీ గట్టిగా వినిపిస్తుంది. పీడీలు (కాలేజీ వ్యాయామ అధ్యాపకులు), కోచ్‌లు, పాత ఆటగాళ్లు, స్థానిక క్రీడా విలేకరులు ఎవరైనా ఇలాంటి జాబితాను పద్ధతిగా తయారు చేయదలచుకుంటే ఏం చూడాలో, ఏం రాసుకోవాలో, చివరికి ఎవరిని ఎవరి పైన పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. నా లెక్కలో అన్నింటికీ ఆధారమైన ప్రశ్న ఒకటే: ఈ పాయింటు ఎట్లా వచ్చింది, ఇదే పనిని ఇంతకంటే బలమైన ఏడుగురి ముందు ఇతను మళ్లీ చేయగలడా?

జాబితా ఎవరి కోసం

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది, 2017 నుంచి 12 జట్లతో నడుస్తోంది. ఇటీవలి వేలాల్లో ఒక్కో జట్టు ఖర్చుకు 5 కోట్ల రూపాయల పరిమితి ఉండగా, ఆ డబ్బుతోనే 18 నుంచి 25 మందిని సమకూర్చుకోవలసి వచ్చింది. ఆటగాళ్లను నాలుగు కేటగిరీలుగా విడదీసి 'ఎ' కేటగిరీకి 30 లక్షలు, బీకి 20, సీకి 13, డీకి 9 లక్షల కనీస ధర నిర్ణయించారు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాడు అడుగుపెట్టేది సాధారణంగా ఈ చివరి మెట్టు మీద, లేదంటే ఫ్రాంచైజీలు వేలంతో పని లేకుండా తీసుకునే కొత్త యువ ఆటగాళ్ల విభాగంలో. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో ఫైనల్ చేరిన రెండు జట్ల ఆటగాళ్లను కూడా ఇటీవలి కొన్ని సీజన్ల వేలం జాబితాలో చేర్చారు. కనుక అంతర్ కళాశాలల పోటీ, విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక, సౌత్ జోన్ (దక్షిణ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పోటీ), అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీ, ఆపైన ఖేలో ఇండియా అనే మెట్లన్నీ మన కుర్రాడి ముందు ఉన్నాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. మొదటిది, డీ కేటగిరీలో కుర్రాణ్ని కొనే జట్టు అతను వచ్చే నెలలోనే మొదటి ఏడుగురిలో ఆడాలని ఆశించదు. ఒకటి రెండు సీజన్లు శిబిరంలో పెట్టుకుని నేర్పితే ఏడుగురిలోకి వస్తాడా అని చూస్తుంది. మనం కూడా అదే చూడాలి. రెండోది, ఒక విశ్వవిద్యాలయం పరిధి నుంచి అంత ఎత్తుకు పోగలిగేవాళ్లు ఏ ఏడాదైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. యాభై పేర్ల జాబితా కాలేజీల మధ్య మర్యాద నిలుపుతుందేమో గానీ, చదివేవాడికి దాని వల్ల ఉపయోగం ఉండదు. ప్రో లీగ్ పురుషుల లీగ్ గనుక ఇక్కడి మాటలన్నీ అబ్బాయిల ఆట గురించే. అమ్మాయిల ఆటకు కోర్టు కొలతలే వేరు, దానికి వేరే పద్ధతి రాసుకోవాలి.

ముందు స్థానాలుగా విడదీయాలి

రైడర్‌ను, డిఫెన్స్ వరుసకు చివర్లో నిలిచే కార్నర్‌ను, వాళ్లకు లోపలి పక్కన నిలిచే కవర్‌ను ఒకే పట్టికలో పాయింట్ల వరుసన పెడితే రైడర్లే పైకి వస్తారు, ఎందుకంటే ఆటలో ఎక్కువ పాయింట్లు రైడ్ల మీదే వస్తాయి. అందువల్ల మొదట స్థానానికి ఒక కాగితం చొప్పున కుడి వైపు నుంచి వెళ్లే రైడర్లు, ఎడమ వైపు నుంచి వెళ్లే రైడర్లు, ఎడమ కార్నర్, కుడి కార్నర్, రెండు కవర్లు, ఆల్‌రౌండర్లు అని విడదీసి, ఎవరి కాగితంలో వాళ్లను పోల్చాలి. ప్రో జట్టు ఏడుగురిలో సాధారణంగా ముగ్గురు రైడర్లు, నలుగురు డిఫెండర్లు ఉంటారన్న సంగతి కాగితాలన్నీ కలిపే రోజున పనికొస్తుంది.

డిఫెన్స్ లేని చోట గొప్ప రైడర్ ఒక్కడే ఏం చేయగలడో మన తెలుగు టైటాన్స్ అభిమానులకు గుర్తు చేయనక్కర్లేదు. 2023లో జరిగిన పదో సీజన్ వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలో అంత ధర ఎవరికీ పలకలేదు. పవన్ తన వంతు పాయింట్లు తెస్తూనే ఉన్నా ఆ సీజన్‌లో జట్టు 22 మ్యాచుల్లో రెండే గెలిచి పట్టికలో అడుగున నిలిచింది.

రైడర్‌ను చూడవలసిన తీరు

రైడర్ ఒక్కో రైడ్‌కు నోటుబుక్కులో ఒక్కో వరుస కేటాయించాలి. ఎన్నో నిమిషం, ఎదుట ఎంతమంది ఉన్నారు, డూ ఆర్ డై (తప్పక పాయింటు తేవలసిన) రైడా కాదా, ఫలితం టచ్చా, బోనసా, ఖాళీయా, ఔటా, ఎవరిని తాకాడు, చేత్తోనా కాలితోనా అన్నవి రాసుకుంటూ, చివరి గడిలో ఈ పాయింటు రైడర్ సంపాదించిందా, డిఫెండర్ పారేసుకున్నదా అని ఒక్క ముక్కలో రాయాలి. వాదనకు తావిచ్చేది ఆ చివరి గడే, జాబితాకు ప్రాణమిచ్చేదీ అదే.

ఇద్దరు రైడర్లు ఒక మ్యాచులో తలా 12 పాయింట్లు తెచ్చారనుకుందాం. మొదటివాడు 22 రైడ్లు వెళ్లాడు. అయిదు బోనస్‌లు, ఎదుటి కోర్టులో ఇద్దరు ముగ్గురే మిగిలి ఉన్నప్పుడు నాలుగు టచ్‌లు, తొందరపడి తమంతట తాము గీత దాటిన డిఫెండర్ల వల్ల మూడు పాయింట్లు వచ్చాయి. రెండోవాడు 15 రైడ్లే వెళ్లాడు. ఆరుగురో ఏడుగురో నిండుగా ఉన్నప్పుడు తొమ్మిది టచ్‌లు, మూడు బోనస్‌లు తెచ్చాడు. స్కోరు షీటు వీళ్లిద్దరినీ సమానంగా చూపిస్తుంది గానీ నా జాబితాలో రెండోవాడు పూర్తిగా ఒక అంతస్తు పైన ఉంటాడు.

బోనస్ గురించి ఒక మాట చెప్పాలి. ఎదుట ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడే బోనస్ చెల్లుతుంది; ఒక పాదం బోనస్ గీత దాటి నేలను తాకే క్షణంలో రెండో పాదం గాలిలో ఉండాలి. మన కాలేజీ ఆటలో కార్నర్లు చాలాసార్లు ఒక అడుగు ఆలస్యంగా కదులుతారు గనుక బోనస్ చవగ్గా దొరుకుతుంది. పై స్థాయిలో కార్నర్ సరిగ్గా ఆ పాదం దిగే చోటి కోసమే కాచుకుని ఉంటాడు. కాబట్టి కార్నర్ సిద్ధంగా ఉండి చేతులు చాచినా కాలు వెనక్కి తీసుకోగలిగిన బోనస్‌లకే పూర్తి విలువ ఇచ్చి, మిగతావాటిని సగానికి లెక్కగట్టడం మంచిది.

ఇక అన్నింటికంటే ఎక్కువ చెప్పేది డూ ఆర్ డై రైడ్. వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోసారి వెళ్లేవాడు పాయింటు తేకపోతే ఔటవుతాడు. ఆ సంగతి ఎదుటి ఏడుగురికీ తెలుసు గనుక వాళ్లు ముందుకు రారు, చేతులు కలిపి గొలుసు కట్టి వెనక నిలబడి ఎదురుచూస్తారు. అప్పుడు రైడర్ పాదాలను చూడండి. తడబడేవాడు సగం కూత, మధ్య గీత తర్వాత వచ్చే బాక్ లైన్ ముందే అటూ ఇటూ గెంతుతూ ఖర్చు చేసి, చివరి అయిదారు సెకన్లలో కళ్లు మూసుకున్నట్టు మీద పడతాడు. ఆట తెలిసినవాడు మొదటి పది సెకన్లలోనే కార్నర్ వైపు ఒక కాలు చాచి వెనక్కి తీసి ఎవరు ఎటు కదిలారో చూసుకుంటాడు. అతని బరువు వెనక కాలి మునివేళ్ల మీదే ఉంటుంది, చూపు మాత్రం తాను తాకబోయే కార్నర్ మీద కాకుండా తనను అడ్డుకోబోయే కవర్ మీద ఉంటుంది. గొలుసులో ఒక చేయి వదులైన క్షణంలో చేతివేలితోనో కాలిబొటనవేలితోనో తాకి అప్పటికే వెనక్కి తిరిగి ఉంటాడు. అలా తిరిగే రైడర్ ఆ రైడ్‌లో దొరికిపోయినా అతని పేరు కింద గీత గీసుకోవలసిందే.

తిరిగి వచ్చే వేగాన్ని కొలవడం తేలిక. పురుషుల కోర్టులో మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ గీత ఇంకో మీటరు. అంటే బోనస్ గీత నుంచి ఇంటికి రావాలంటే 4.75 మీటర్లు రావాలి. వంద మీటర్ల పరుగులో కాలేజీకి మొదట వచ్చిన కుర్రాడు ఇక్కడ గొప్పగా ఉండాలన్న నియమం ఏమీ లేదు. బోనస్ గీత దగ్గర ఎదురుగా ముఖం పెట్టి నిలబెట్టి, చప్పట్లు కొట్టగానే తిరిగి మధ్య గీత దాటమని చెప్పి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, మొదటి అడుగుకు ఎంతసేపు పట్టిందో, చివర్లో చేయి చాచి దూకాడో లేదో కూడా తెలుస్తుంది.

ఆయుధాలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి. పరుగులోనే చేత్తో తాకే రన్నింగ్ హ్యాండ్ టచ్ ఒక్కటే ఉన్నవాడు మన దగ్గర సీజనంతా నెగ్గుకు రావచ్చు. ప్రో జట్ల దగ్గర వీడియో చూసేవాళ్లు ఉంటారు, మూడు నాలుగు మ్యాచుల్లో దారి మూసేస్తారు. రైడర్ ప్రదీప్ నర్వాల్ డుబ్కీ వేస్తాడని (డిఫెండర్ల చేతుల కింద నుంచి వంగి దూరి వస్తాడని) అందరికీ తెలిసీ 2017 సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు ఇచ్చుకున్నారన్న ఎదురు వాదన నిజమే, కానీ ఒక నర్వాల్‌ను చూపించి పదిమంది ఒంటి ఆయుధం కుర్రాళ్లను పైకి ఎక్కించకూడదు. రెండు వైపులా తాకగలిగేవాడికి, చేతితో పాటు కాలూ వాడగలిగేవాడికి ముందు వరుస ఇవ్వాలి. కూత గట్టిగా, తెగకుండా వినిపిస్తుందో లేదో ఒక చెవి వేసి ఉంచండి. ఊరి పోటీల్లో చూసీచూడనట్టు వదిలేసే కూతను పై స్థాయి అంపైర్లు వదలరు.

డిఫెండర్ దగ్గర స్కోరు షీటును నమ్మవద్దు

రైడర్‌ను పట్టినందుకు వచ్చే ట్యాకిల్ పాయింటు ఒకరి పేరున పడుతుంది, పట్టినవాళ్లు మాత్రం తరచుగా ముగ్గురో నలుగురో ఉంటారు. కార్నర్ చీలమండ పట్టుకున్న మరుక్షణం కవర్ వచ్చి రైడర్ ఛాతీకి అడ్డం పడకపోతే ఆ పట్టు నిలవదు. షీటులో కవర్ పేరే ఉండదు. అందుకే డిఫెండర్ల కాగితంలో మొదట తాకింది ఎవరు, రెండో సాయం ఎవరిది అని రెండు గడులు పెట్టుకోవాలి. ఒక టోర్నమెంటు మొత్తం ఇలా రాస్తే, అందరూ పొగిడే కార్నర్ పక్కన ఎవరూ పేరెత్తని కవర్ ఒకడు బయటపడటం మామూలే.

ఎడమ కార్నర్ చేసే యాంకిల్ హోల్డ్‌ను (చీలమండ పట్టును) దగ్గరగా చూడాలి. మంచివాడు రైడర్ కాలు గాలిలో ఉన్నప్పుడు కదలడు, ఆ పాదం మీద ఒంటి బరువు పడే క్షణందాకా ఆగుతాడు. రెండు చేతులూ ఒకేసారి చీలమండ చుట్టూ మూసుకుంటాయి, తల రైడర్ మోకాలికి బయటి వైపు ఉంటుంది, పట్టిన వెంటనే వెనక్కి, ఎండ్ లైన్ వైపు లాగుతాడు. అలా లాగితే రైడర్ చేయి మధ్య గీత వైపు చాచే వీలుండదు. ఒక చేత్తో పట్టి రెండో చేతిని వెతుక్కునేవాడు కాలేజీలో బలంతో నెగ్గుతాడు. 80 కిలోల రైడర్ ఎదురైతే వాడి చేతిలో చెమట తప్ప ఏమీ మిగలదు.

డిఫెండర్ చేయని పనిని కూడా లెక్క వేయాలి. రైడర్ ఎంత ఊరించినా ముందుకు పడకుండా 30 సెకన్లూ స్థానంలో నిలబడి ఖాళీగా పంపడం ఒక నైపుణ్యం, దానికి ఏ షీటులోనూ గడి లేదు. తొందరపడి ముందుకు దూకి ఇచ్చుకున్న పాయింట్లను వేరుగా రాసి, మొత్తం ప్రయత్నాల్లో సఫలమైనవెన్నో పక్కన పెడితే ఆ కుర్రాడి ఓపిక తెలిసిపోతుంది. కవర్ల విషయంలో డ్యాష్ కొట్టేటప్పుడు (రైడర్‌ను ఒంటితో గుద్ది గీత బయటికి పంపేటప్పుడు) తానే గీత బయటికి జారుతున్నాడా, రైడర్‌ను పంపి తాను లోపల నిలుస్తున్నాడా అన్నది చూస్తే చాలావరకు సరిపోతుంది. ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు వచ్చే సూపర్ ట్యాకిళ్లకు ప్రత్యేక గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ సాయం తక్కువ, తప్పుకు శిక్ష ఎక్కువ.

ఎవరి మీద, ఏ నేల మీద

తొలి రౌండులో, పన్నెండు మందిని కష్టంగా పోగుచేసుకుని వచ్చిన చిన్న కాలేజీ మీద తెచ్చిన ఇరవై పాయింట్లు దాదాపు సమాచారం కిందికే రావు. సెమీఫైనల్, ఫైనల్, సౌత్ జోన్ మ్యాచులకు ఎక్కువ బరువు ఇవ్వాలి. రెండు మంచి కార్నర్లున్న జట్టు మీద రైడర్ ఎట్లా ఆడాడన్న ఒక్క మ్యాచు, మిగతా నాలుగింటికన్నా ఎక్కువ చెబుతుంది.

నేల సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. నర్సంపేట, పరకాల, ములుగు వైపు నుంచి వచ్చే చాలామంది ఆట మొదలుపెట్టింది చెల్క మట్టిలో, చెప్పుల్లేని కాళ్లతో. సంక్రాంతికి ఊళ్లల్లో జరిగే పోటీల్లో పేరు తెచ్చుకుని కాలేజీ జట్టులోకి వచ్చారు. మట్టి కోర్టులో వేళ్లు నేలలోకి దిగి పట్టు ఇస్తాయి, పడినా కొంత మెత్తగా ఉంటుంది. ప్రో లీగ్ జరిగే రబ్బరు మ్యాట్ మీద బూట్లతో ఆడాలి. మలుపు వేగంగా పడుతుంది, పాదం ఇరుక్కుంటే మోకాలి మీద భారమూ అంతే వేగంగా పడుతుంది. మట్టిలో మాత్రమే చూసిన ఆటగాడి పేరు పక్కన ఆ సంగతి రాసి, మ్యాట్ మీద ఒక్కసారైనా చూసేదాకా అతన్ని పై అంతస్తులోకి తీసుకోవద్దు, కిందికీ తోయవద్దు. ఊరి పోటీల కోర్టును కొలవకుండా గీస్తారన్నది అందరికీ తెలిసిందే. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టు మీద జరిగిన ఆటనే లెక్కలోకి తీసుకోవాలి.

వీడియో తీసేటప్పుడు కెమెరా రైడర్ వెంట పరుగెత్తకూడదు. ఎండ్ లైన్ మూల వెనక, వీలైతే గ్యాలరీ మెట్ల ఎత్తున ఫోన్‌ను స్థిరంగా నిలిపి కోర్టు మొత్తం వచ్చేలా పెట్టాలి. పాయింటు వచ్చిన చోటికన్నా రెండు సెకన్ల ముందు మిగతా ఆరుగురు ఏం చేస్తున్నారన్నదే తర్వాత మనకు కావలసింది.

వయసు, బరువు, గాయాలు

విశ్వవిద్యాలయ పోటీల్లో 25 ఏళ్ల వరకు ఆడనిస్తారు. పీజీ చివరి ఏడాదిలో ఉన్న 24 ఏళ్ల కుర్రాడు డిగ్రీ మొదటి ఏడాది పిల్లల మీద ఆధిపత్యం చూపడంలో వింత లేదు; అదే ఆట 19 ఏళ్లవాడు ఆడితే వరుసలో అతన్నే పైన పెట్టాలి, ఎందుకంటే కొనే జట్టుకు నేర్పే కాలం మిగిలి ఉంటుంది. సీనియర్ పురుషులకు బరువు పరిమితి 85 కిలోలు. ఇప్పటికే 84 దగ్గర ఉన్న కార్నర్‌కు కండ పెంచుకునే చోటు లేదు. 68 కిలోల రైడర్‌కు ఉంది, అయితే బరువు పెరిగాక ఆ వేగం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఎత్తు, చేతుల పొడవు కొలిచి రాసుకోండి గానీ వాటిని చూసి ఎవరినీ పైకి ఎత్తవద్దు.

గాయాల చరిత్రలో మోకాలు, భుజం, చీలమండ అడగాలి. గాయం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు: 2022 వేలంలో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ సీజన్ మొదటి మ్యాచులోనే మోకాలు దెబ్బతిని మిగతా సీజన్‌కు దూరమయ్యాడు. అయితే పాత గాయానికి సరైన చికిత్స జరిగిందా, లేక బ్యాండేజీ కట్టుకుని ఆడేస్తున్నాడా అన్నది మాత్రం అడిగితే తెలిసేదే. ఆ సంగతి ఆటగాడికన్నా అతని పీడీ సూటిగా చెబుతాడు.

పీడీలతో మాట్లాడేటప్పుడు "మీ పిల్లగాడు మంచిగ ఆడ్తడా సార్?" అని అడిగితే ఎవరైనా ఆడతాడనే చెబుతారు. "సార్, ఓడిపోయిన తెల్లారి ప్రాక్టీసుకు వస్తడా? మీరు రైడ్‌కు పోవద్దంటే ఊకుంటడా?" అని అడగండి. అప్పుడు వచ్చే జవాబు కంటే ముందు వచ్చే చిన్న మౌనం కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. కాకపోతే పీడీ మాటను జాబితాలో ఒక వ్యాఖ్యగా రాసుకోవాలే తప్ప, దాన్ని బట్టి వరుస మార్చకూడదు. తన కాలేజీ మీద అభిమానం ఎవరికైనా ఉంటుంది.

వరుస కట్టడం

ఇప్పుడు ఒక్కో స్థానం కాగితం తీసుకుని ఆటగాళ్లను అంతస్తులుగా విడదీయాలి. నేర్పితే ప్రో ఏడుగురిలోకి రాగలవాళ్లు మొదటి అంతస్తు. శిబిరానికి పిలవదగినవాళ్లు రెండోది. అఖిల భారత విశ్వవిద్యాలయ స్థాయిలో నిలవగలవాళ్లు మూడోది. మొదటి అంతస్తు ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వాలి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరిని అక్కడ కూర్చోబెట్టాలన్న ఉబలాటమే ఇలాంటి జాబితాలను పాడుచేస్తుంది.

ఒకే అంతస్తులోని వాళ్ల మధ్య వరుసకు పదికి ఇన్ని, వందకు ఇన్ని అని మార్కులు వేయడం నాకు నచ్చదు. మార్కుల మొత్తంలో ఒక గొప్ప గుణం, ఒక ఘోరమైన లోపం కలిసి సగటు ఆటగాడిలా కనిపిస్తాయి. దాని బదులు ఇద్దరిద్దరిని పక్కపక్కన పెట్టి, రేపు సౌత్ జోన్ ఫైనల్‌లో చివరి మూడు నిమిషాలకు వీళ్లలో ఒక్కరినే తీసుకోవాలంటే ఎవరిని తీసుకుంటాను అని అడుగుతూ పోతే వరుస దానంతట అదే ఏర్పడుతుంది. ఈ పని ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా చేసి తర్వాత కలపాలి. ఇద్దరికీ బాగా తేడా వచ్చిన పేర్ల దగ్గర వీడియో మళ్లీ పెట్టుకుని చూడాలి; సగటు తీసి సర్దుకోకూడదు.

స్థానాల కాగితాలను ఒక్క జాబితాగా కలిపేటప్పుడు కొరతను లెక్కలోకి తీసుకోవాలి. మన కాలేజీల్లో ప్రతి జట్టుకూ ఇద్దరు ముగ్గురు చురుకైన రైడర్లు దొరుకుతారు, ఓపికగా నిలబడే కార్నర్ దొరకడమే కష్టం. కనుక ఒకే అంతస్తులో ఉన్నప్పుడు కార్నర్‌ను, కవర్‌ను రైడర్ కన్నా పైన పెట్టడమే నా అలవాటు. ఆల్‌రౌండర్ అన్న పేరుతో వచ్చేవాళ్ల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. రెండు పనుల్లో కనీసం ఒకదానిలోనైనా తన అంతస్తుకు తగినవాడైతేనే ఆ పేరు ఇవ్వాలి.

ప్రతి పేరు పక్కన రెండు మూడు వాక్యాలు రాయాలి: ఏం చేయగలడు, ఏం నేర్చుకోవాలి, ఏ మ్యాచులు చూసి ఈ మాట అంటున్నాం. తేదీ వేయాలి. సౌత్ జోన్ ముగిశాక పాత జాబితాను తుడవకుండా, దాని పక్కనే కొత్తది రాయాలి. విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక కాని కుర్రాడు జాబితాలో ఉంటే, ఎంపిక కాలేదన్న కారణంగా అతని పేరు తీసేయకూడదు. ఎంపికలకు వేరే కారణాలు కూడా ఉంటాయి. అతను యువ కబడ్డీ సిరీస్ లాంటి చోట ఆడే అవకాశం ఉందేమో చూసి, అక్కడ మ్యాట్ మీద ఎట్లా ఆడాడో తెలుసుకున్న తర్వాతే వరుస మార్చాలి.